తక్కువ ధర, తెలియని నేల: టెండర్ల మదింపు గురించి

(దోమలపెంట సొరంగ ప్రమాదానికి గురైన ఎనిమిది మంది స్మారక ఉపన్యాసం)

ప్రభుత్వ శాఖ గానీ, పురపాలక సంఘం గానీ, సహకార సంస్థ గానీ తనకు కావలసిన వస్తువునో పనినో బయటివారి నుంచి పొందదలచినప్పుడు, దాన్ని ఎవరికి అప్పగించాలి, ఏ ధరకు అప్పగించాలి అన్న రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు రాబట్టడానికి ఏర్పడిన పద్ధతి టెండరు. సొంత సొమ్ముతో కొనేవారికి నచ్చిన దుకాణంలో నచ్చిన ధరకు కొనే స్వేచ్ఛ ఉంటుంది గానీ, ప్రజల సొమ్ముతో కొనే అధికారికి ఆ స్వేచ్ఛ లేదు. ఒకరిని ఎంచుకున్నందుకూ మిగిలినవారిని కాదన్నందుకూ అతడు కారణం చూపవలసి ఉంటుంది, ఆ కారణం టెండరు ప్రకటనలో ముందే రాసి ఉన్నదై ఉండాలి. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1979లో రమణ దయారామ్ శెట్టి కేసులో స్పష్టంగా చెప్పింది. బొంబాయి విమానాశ్రయంలో ఫలహారశాల నడపడానికి పిలిచిన టెండరులో కనీసం ఐదేళ్ల అనుభవమున్న నమోదైన హోటలు నిర్వాహకులే అర్హులని ప్రకటించి, ఆ అర్హత లేనివారికి పని ఇవ్వగా, తాను విధించిన నిబంధనను తానే దాటే అధికారం ప్రభుత్వ సంస్థకు లేదని న్యాయస్థానం తేల్చింది. 1994 నాటి టాటా సెల్యులర్ కేసు మరొక హద్దు గీసింది: న్యాయస్థానం నిర్ణయం తీసుకున్న తీరును పరిశీలిస్తుందే తప్ప, ఏ బిడ్డు మేలైనదో తాను కూర్చుని తేల్చదు. అంటే బిడ్డు మంచిచెడ్డలను తూచే బాధ్యత అంతిమంగా సంస్థ మీదనే ఉంటుంది. అక్కడ జరిగిన పొరపాటు విధివిధానాల ప్రకారం జరిగినదైతే దాన్ని సరిదిద్దే చోటు మరెక్కడా దొరకదు.

తూచే పని సాధారణంగా రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటిది సాంకేతిక బిడ్డు. ఇందులో సంస్థ నమోదు, గతంలో చేసిన ఇదే తరహా పనుల ధ్రువపత్రాలు, యంత్ర సామగ్రి, సిబ్బంది, వార్షిక టర్నోవరు, బయానాగా కట్టిన ఈఎండీ మొదలైనవి ఉంటాయి. ఇందులో నెగ్గినవారి ధర బిడ్డును మాత్రమే రెండో అంచెలో తెరుస్తారు. ధర ముందే తెలిస్తే అర్హతను చూసే కన్ను మారిపోతుందన్నదే ఈ విభజన వెనుకనున్న ఆలోచన, అది సరైన ఆలోచనే. అర్హత లెక్కల్లో తెలుగు రాష్ట్రాల ఇంజనీర్లందరికీ కంఠస్థమైనది బిడ్డు సామర్థ్య సూత్రం: రెండు ఇంటూ ఏ ఇంటూ ఎన్, అందులోంచి బి తీసివేత. ఇక్కడ 'ఏ' అంటే గత కొన్నేళ్లలో కాంట్రాక్టరు ఏదైనా ఒక సంవత్సరంలో చేసిన అత్యధిక పని విలువ, 'ఎన్' అంటే కొత్త పనికి ఇచ్చిన గడువు సంవత్సరాలలో, 'బి' అంటే ఆ గడువులోపు అతడు పూర్తి చేయవలసి ఉన్న పాత పనుల విలువ. ఏటా 40 కోట్ల పని చేయగలిగిన సంస్థ చేతిలో ఇప్పటికే 100 కోట్ల పనులుంటే, రెండేళ్ల గడువుండే కొత్త పనికి దాని సామర్థ్యం 160లో 100 పోగా 60 కోట్లే. 80 కోట్ల పనికి అది ఎంత తక్కువ ధర వేసినా ఆ ధర కవరు తెరవకూడదు. చేతిలో ఉన్న పనులను దాచిపెట్టనంత వరకు ఇది మంచి జల్లెడ.

ధర విషయానికి వస్తే, శాఖ తన ప్రామాణిక ధరల పట్టిక ఆధారంగా పరిమాణాలను లెక్కగట్టి వేసుకున్న మొత్తాన్ని అంచనా విలువ అంటారు, కాంట్రాక్టర్లు దానిమీద ఇంత శాతం 'లెస్' అనో ఇంత శాతం 'ఎక్సెస్' అనో వేస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల శాఖ 2003, 2004 సంవత్సరాలలో ఇచ్చిన ఉత్తర్వులు దీనికి రెండు వైపులా హద్దులు కట్టాయి. అంచనాకు 5 శాతం మించిన టెండరును తోసిపుచ్చాలి. మరీ తక్కువకు వేసినవారిని తోసిపుచ్చకుండా, 25 శాతానికి మించి తగ్గించినవారి చేత, అంచనాలో 75 శాతానికీ వారు వేసిన ధరకూ ఉన్న తేడాను అదనపు హామీగా కట్టించుకోవాలి. కోటి రూపాయల పనిని 70 లక్షలకు చేస్తానన్నవాడు మరో 5 లక్షలు హామీ పెట్టాలన్న మాట. ఈ నిబంధనలో ఒక లోతైన ఒప్పుకోలు దాగి ఉంది: తక్కువ ధర ఎల్లప్పుడూ లాభం కాదని, ఒక స్థాయి దాటాక అది పని మధ్యలో ఆగిపోతుందనడానికి సూచన అని శాఖే గుర్తించింది.

పోటీ నిజంగా పోటీగా ఉండటానికి చేసిన ప్రయత్నాలలో 2003 జనవరిలో ఉమ్మడి రాష్ట్రం ప్రారంభించిన ఈ-ప్రొక్యూర్‌మెంటు వేదికకు గౌరవప్రదమైన స్థానం ఇవ్వాలి. అంతకుముందు టెండరు పెట్టె కార్యాలయంలో ఉండేది. ఆ పెట్టె దాకా ఎవరు వెళ్లగలరన్నది గేటు దగ్గర నిలబడ్డ మనుషుల మీద ఆధారపడి ఉండేది. కాంట్రాక్టర్లు ముందుగానే కూడబలుక్కుని, ఒకరికి పని వదిలి మిగిలినవారు వాటా పంచుకోవడాన్ని 'రింగు కావడం' అంటారు. కంప్యూటరు నుంచి ఎక్కడున్నవారైనా బిడ్డు వేయగలిగినప్పుడు, ఎవరు వేశారో చివరిదాకా తెలియనప్పుడు గేటు దగ్గర కాపలా కాసే పని తప్పింది. రింగులు పూర్తిగా పోయాయని చెప్పలేరు గానీ, టెండరు ఫారం కొనడానికే భయపడే రోజులు పోయాయి, అది చిన్న మేలు కాదు.

అయితే ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నీ, అర్హత జల్లెడ, ధరల హద్దులు, రహస్య కవర్లు అన్నీ, ఒక్క ఊహ మీద నిలబడి ఉన్నాయి: తాను ఏం కొంటున్నదో కొనే సంస్థకు తెలుసునన్నది ఆ ఊహ. ఊరి చెరువు కట్టకు ఎన్ని ఘనపు మీటర్ల మట్టి పడుతుందో కొలిచి చెప్పవచ్చు, బడి గదికి ఎన్ని బస్తాల సిమెంటు కావాలో చెప్పవచ్చు. అలాంటి పనుల్లో ఇద్దరు వేసిన ధరలను పోల్చడమంటే ఒకే వస్తువుకు ఇద్దరు చెప్పిన వెలలను పోల్చడమే. పని ఏమిటో తెలియకుండా ధరలు పిలిచినప్పుడు మాత్రం, ఇద్దరు వేసిన రెండు అంకెలు రెండు వేర్వేరు ఊహల వెలలవుతాయి. వాటిలో చిన్న అంకె సమర్థతను చెబుతున్నదో, ఆశను చెబుతున్నదో, అజ్ఞానాన్ని చెబుతున్నదో ఎల్-1 పట్టిక చెప్పలేదు. అత్యల్ప ధర వేసినవారిని ఎల్-1 అనడం అలవాటు. ఆ పేరు ఆ అంకెకు లేని నిశ్చయాన్ని తెచ్చిపెడుతుంది.

ఈ మాటకు అచ్చంపేట ప్రాంతంలోకన్నా పెద్ద సాక్ష్యం తెలుగు నేల మీద మరెక్కడా లేదు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని ఎత్తిపోతలు లేకుండా, వాలు మీదనే నల్లగొండ జిల్లా కరవు నేలలకు పారించాలన్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ పథకంలో, నల్లమల కింద నుంచి 43.93 కిలోమీటర్ల సొరంగం ప్రధానాంగం. దాని నీరు లోపలికి వెళ్లే ముఖం అమ్రాబాద్ మండలంలోని దోమలపెంట దగ్గర, బయటికి వచ్చే ముఖం అచ్చంపేట మండలంలోని మన్నెవారిపల్లి దగ్గర. పైన ఉన్నది పులుల అభయారణ్యం కనుక, పొడవైన సొరంగాలకు మధ్యమధ్య తవ్వే అడ్డదారులకు, గాలి బావులకు అవకాశం లేకపోయింది. రెండు చివరల నుంచి రెండు యంత్రాలు ఎదురెదురుగా తొలుచుకుంటూ కలుసుకోవలసిందే. 2005లో ఈ పనిని జయప్రకాశ్ అసోసియేట్స్ సంస్థకు 1,925 కోట్ల రూపాయలకు, 60 నెలల గడువుతో అప్పగించారు. 10 మీటర్ల వ్యాసం గల తొలిచే యంత్రాలను అమెరికాకు చెందిన రాబిన్స్ సంస్థ నుంచి సమకూర్చుకున్నారు.

ఒప్పందం ఈపీసీ పద్ధతిలో జరిగింది. రూపకల్పన, సామగ్రి సేకరణ, నిర్మాణం మూడూ ఒక్క కాంట్రాక్టరే చూసుకుని, మొత్తానికి ఒకే ధర తీసుకోవడం ఈపీసీ. 2004 తర్వాత జలయజ్ఞం పేరిట చేపట్టిన నీటిపారుదల ప్రాజెక్టులలో ఇదే ప్రధాన పద్ధతి అయింది. ఇక్కడ అంశాల వారీ పరిమాణాల పట్టిక ఉండదు. శాఖ తన దగ్గర ఉన్న స్థూల వివరాలతో ఒక అంతర్గత ప్రమాణ విలువ వేసుకుని, వచ్చిన బిడ్లను దానితో పోలుస్తుంది. సర్వే చేయించి, నమూనాలు గీయించి, ఆ తర్వాత టెండరు పిలవడానికి పట్టే ఏళ్లను ఆదా చేయవచ్చన్నది దీని ఆకర్షణ. జలయజ్ఞంపై 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఇచ్చిన నివేదిక ఈ పద్ధతిని అమలు చేసిన తీరును తీవ్రంగానే విమర్శించింది. ఆనాటి తొందరను అర్థం చేసుకోవచ్చు. కరవు జిల్లాల రైతులు రెండు తరాలుగా నీటికోసం ఎదురుచూస్తున్నారు, ఆ ఎదురుచూపుకు జవాబు చెప్పవలసిన వారు తొందరపడటం సహజం. కానీ ఆదా చేశామనుకున్న ఏళ్లు ఎక్కడికీ పోలేదు, భూమి లోపల వడ్డీతో సహా కాచుకుని ఉన్నాయి.

నల్లమల కింద ఉన్నది ఒకే రాయి కాదు. ఒకచోట ఉక్కు పళ్లను అరగదీసే క్వార్ట్‌జైటు, మరొకచోట పలకలు పలకలుగా ఊడే షేలు, మన్నెవారిపల్లి వైపు గ్రానైటు, వీటి మధ్య నీరూరే పగుళ్లు. 2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన మహా వరదలో దోమలపెంట వైపు యంత్రం నీట మునిగింది. ఆ తర్వాత యంత్ర భాగాలు పాడైన కాలాలు, నిధులు ఆగిన కాలాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, 60 నెలల గడువు మళ్లీ మళ్లీ పొడిగింపులకు గురైంది. కాంట్రాక్టు సంస్థ మీద 2024 జూన్‌లో దివాలా ప్రక్రియ మొదలైంది. 2005 నాటి సాంకేతిక కవరులో పెట్టిన ఆర్థిక స్తోమత పత్రాలు ఆ ఏటికి నిజమైనవే కావచ్చు గానీ, ఐదేళ్ల పని ఇరవై ఏళ్లయినప్పుడు అవి దేనికీ హామీ కాలేకపోయాయి. 2025 ఫిబ్రవరి 22 ఉదయం, దోమలపెంట ముఖం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి, బురద, నీరు, రాళ్లు యంత్రాన్ని ముంచెత్తాయి. ఇద్దరు ఇంజనీర్లు, ఇద్దరు యంత్ర చోదకులు, నలుగురు కూలీలు, మొత్తం ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వారంతా పంజాబ్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, జమ్మూకాశ్మీర్ వంటి దూర ప్రాంతాల నుంచి వచ్చి ఈ నేలకు నీళ్లు తేవడానికి పనిచేస్తున్నవారు. సుమారు రెండు నెలల గాలింపులో ఇద్దరి మృతదేహాలు మాత్రమే బయటికి వచ్చాయి.

ఆ ప్రమాదానికి టెండరు పద్ధతే కారణమని చెప్పడం సాహసం, అన్యాయం కూడా. భూగర్భంలో జరిగే ప్రమాదాలకు కారణాలు ఒక్కటిగా ఉండవు, వాటిని తేల్చవలసింది నిపుణులు. అయినా టెండరు గురించి ఆలోచించేవారు దాటిపోలేని ఒక పరిణామం ఆ తర్వాత జరిగింది. మిగిలిన సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్ల మార్గంలో రాతి పొరలను తెలుసుకోవడానికి, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ సహకారంతో హెలికాప్టరుకు వేలాడదీసిన విద్యుదయస్కాంత పరికరంతో సర్వే 2025 నవంబరులో మన్నెవారిపల్లి దగ్గర మొదలైంది. అడవిలో ఒక్క చెట్టూ కొట్టకుండా, ఒక్క బోరూ వేయకుండా భూమి లోపలి స్వరూపాన్ని ఆకాశం నుంచి అంచనా వేసే ఈ పద్ధతి ఇవాళ ఉన్నంత మేరకు 2005లో లేకపోవచ్చు. ప్రశ్న సాంకేతికత గురించి కాదు, వరుస గురించి: ముందు నేలను తెలుసుకుని ఆ తర్వాత ధర అడగడమా, ముందు ధర ఖరారు చేసుకుని ఆ తర్వాత నేలను తెలుసుకోవడమా?

స్విట్జర్లాండులోని 57 కిలోమీటర్ల గొట్‌హార్డ్ రైలు సొరంగం వరుస గురించిన ఈ ప్రశ్నకు ఒక జవాబు చూపుతుంది. ఆ మార్గంలో పియోరా అనే చోట చక్కెరలా రాలిపోయే డోలమైటు, నీటితో నిండి ఉండవచ్చన్న అనుమానం ఉండేది. నిజమైతే ఆ సొరంగమే అసాధ్యం. అందుకని 1990లలో అయిదున్నర కిలోమీటర్ల అన్వేషణ సొరంగం ఒకటి ప్రత్యేకంగా తవ్వి, అందులోంచి లోతైన బోర్లు వేసి, ప్రధాన సొరంగం వెళ్లే లోతులో రాయి గట్టిగా, పొడిగా ఉందని నిర్ధారించుకున్న తర్వాతే ముందుకు సాగారు. 2016లో ఆ మార్గం ప్రారంభమైంది. అన్వేషణ సొరంగానికి పెట్టిన డబ్బు నిష్ఫలమని లెక్కల గుమస్తాకు అనిపించవచ్చు, ఎందుకంటే దాని గుండా ఏ రైలూ నడవదు. ఆ డబ్బుతో కొన్నది జ్ఞానం. బిడ్లు వేసినవారందరూ అదే జ్ఞానాన్ని పంచుకున్నారు గనుకనే వారి ధరలను పోల్చడానికి అర్థం ఏర్పడింది.

తెలియని నేల భారం ఎవరి మీద ఉండాలన్నదే ఈపీసీ ఒప్పందాల అసలు ప్రశ్న. ఒకే ధర ఒప్పందంలో ఆ భారమంతా కాంట్రాక్టరుదేనని కాగితం మీద ఉంటుంది. ఆచరణలో జరిగేది వేరు: జాగ్రత్తపరుడు ఆ భారానికి వెల కట్టి ఎక్కువ ధర వేసి టెండరు పోగొట్టుకుంటాడు, ఆశావాది ఆ భారాన్ని లెక్కలోకి తీసుకోకుండా గెలుస్తాడు. గెలిచినవాడికి చెడ్డ రాయి ఎదురైనప్పుడు అతడు పని ఆపుతాడు, క్లెయిములు వేస్తాడు, గడువు అడుగుతాడు. నీళ్లు రాని ఏళ్ల నష్టమంతా నల్లగొండ రైతు మోస్తాడు. కాగితం మీద బదిలీ అయిన భారం అసలు యజమాని దగ్గరకే తిరిగి వస్తుందన్న అనుభవంతోనే, అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ఫిడిక్, సొరంగ నిపుణుల అంతర్జాతీయ సంఘంతో కలిసి 2019లో భూగర్భ పనులకు ప్రత్యేక ఒప్పంద నమూనాను, పచ్చల పుస్తకమని పేరుపొందిన దాన్ని, వెలువరించింది. దాని ప్రకారం యజమాని తాను ఊహిస్తున్న భూస్థితిని ఒక ఆధార నివేదికగా టెండరుతోపాటే ఇవ్వాలి. ఆ నివేదికకు లోబడిన కష్టం కాంట్రాక్టరుది, దాన్ని మించిన కష్టం యజమానిది. తవ్వే కాలాన్నీ చెల్లింపునూ ఎదురైన రాతి తరగతినిబట్టి కొలుస్తారు. అప్పుడు బిడ్డర్లు పోటీపడేది తమ నైపుణ్యంతో, తమ అదృష్టంతో కాదు.

తెలియనిదానికి వెల కట్టడం తెలంగాణ అడవి పల్లెల్లో కొత్త విషయం కాదు. తునికాకు యూనిట్లను ఆకు కోతకు ముందే టెండరులో అమ్ముతారు. అక్కడ ఎక్కువ వేసినవాడిది పాట. ఆకు ఎంత వస్తుందో కొనే వ్యాపారికి తెలియదు, కానీ ఏటేటి దిగుబడి లెక్కలు అందరికీ అందుబాటులో ఉంటాయి, వెయ్యి కట్టల సంచి అన్న కొలత అందరికీ ఒకటే. కొలతా, గత చరిత్రా ఉన్నచోట అనిశ్చితికి కూడా వెల కట్టవచ్చునని ఆ వ్యాపారం చూపుతుంది.

తక్కువ ధర ఒక్కటే సరిపోదనుకునేవారు సాధారణంగా సూచించే మందు నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసే పద్ధతి. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాలలో నిర్మాణ పనులకు కూడా, కొన్ని షరతుల మీద, దీన్ని అనుమతించి, నాణ్యత వాటా 30 శాతం దాటరాదని చెప్పింది. ఈ 30 ఎంత బరువు మోయగలదో ఒకసారి లెక్కవేసి చూడాలి. నాణ్యతలో ఒకరికి 90, మరొకరికి 70 మార్కులు వచ్చాయనుకుంటే, ఆ 20 మార్కుల తేడా మొత్తం మీద 6 మార్కులవుతుంది. ధర మార్కుల్లో అత్యల్ప ధరకు పూర్తి 70 ఇచ్చి మిగిలినవారికి దామాషాలో తగ్గిస్తారు కనుక, మేలైన సంస్థ ధర సుమారు 9.4 శాతం ఎక్కువయ్యేసరికి ఆ 6 మార్కులూ కరిగిపోతాయి. ఉపయోగకరమైన పద్ధతే, కానీ నాణ్యత మార్కులు వేసే కమిటీ తన మార్కుకు కారణం రాయకపోతే, ఇది పాత ఇష్టాయిష్టాలకు కొత్త లెక్కల ముసుగు అవుతుంది. పైగా నేల తెలియనితనాన్ని ఏ మార్కుల పట్టికా నయం చేయలేదు.

ఎదురు దిశలో వెళ్లిన ప్రయోగం ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన రివర్స్ టెండరింగు. ధర బిడ్లు తెరిచాక, వచ్చిన కనిష్ఠ ధర నుంచి బిడ్డర్లు మళ్లీ ఆన్‌లైన్లో కిందికి పాడుకునే ఏర్పాటు అది. అదే ఏడాది పోలవరం పనులకు ఈ పద్ధతిలో ప్రారంభ విలువకన్నా 12.6 శాతం తక్కువకు బిడ్డు వచ్చింది. అదే ప్రభుత్వం 100 కోట్లు, అంతకు మించిన విలువ గల పనుల టెండరు పత్రాలను ముందే ఒక న్యాయమూర్తి పరిశీలించేలా చట్టం కూడా చేసింది. టెండరు పిలవకముందే పత్రాన్ని ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకోవడం అందులో నిలబెట్టుకోదగిన భాగం. 2024లో ప్రభుత్వం మారాక రివర్స్ టెండరింగును విరమించారు. కొలతలు తెలిసిన గొట్టాలు, తీగలు, ఎరువులు కొనేటప్పుడు కిందికి పాడించడం సబబే. కొండలు, నదులు, సొరంగాల మీద ధరను తెర మీద నిమిషాల్లో తగ్గించమని అడగడం అసలు తెలియవలసినదాన్ని తెలుసుకోకుండా దాటవేయడమే.

చిన్న కొనుగోళ్లలోనూ సూత్రం ఇదే. వసతిగృహానికి కూరగాయలు, గుడ్లు సరఫరా చేయడానికి ధర పిలిచేటప్పుడు గుడ్డు బరువెంత, మన్ననూరు ఘాటు రోడ్డు దాటి లోపలి ఆశ్రమ పాఠశాలకు వారానికి ఎన్నిసార్లు బండి వెళ్లాలి, వానాకాలంలో దారి తెగితే ఏం చేయాలి అన్నవి పత్రంలో రాయకపోతే, తక్కువ వేసినవాడు ఆ ఖాళీలన్నిటినీ తన లాభానికి అనువుగా పూరించుకుంటాడు. అతడు నిబంధన దాటినట్లు చూపడానికి అధికారి చేతిలో నిబంధనే ఉండదు.

సొరంగానికి తిరిగి వస్తే, ఇకమీదట మిగిలిన తొమ్మిదిన్నర కిలోమీటర్లు ఏ ఒప్పందం కింద సాగినా, పోటీ నుంచి పూర్తిగా తప్పించవలసిన ఖర్చు ఒకటుంది. ధర తగ్గించుకోవాలన్న ఒత్తిడిలో మొదట కోతపడేది కనిపించని ఖర్చు. భద్రత ఎప్పుడూ కనిపించని ఖర్చే. హాంగ్‌కాంగ్ ప్రభుత్వం 1996 నుంచి తన నిర్మాణ పనులలో, ఒప్పంద విలువలో సుమారు 2 శాతాన్ని భద్రత అంశాలకు వేరుచేసి, వాటి ధరలను తానే ముందు నిర్ణయించి, బిడ్డర్లు వాటిని తగ్గించే వీలు లేకుండా చేసింది. చేసిన భద్రతా పనికి కొలిచి డబ్బు ఇస్తారు, చేయకపోతే ఇవ్వరు. కాంట్రాక్టరు భద్రతను తగ్గించుకుని టెండరు గెలవలేడు, పాటించి నష్టపోడు. నల్లమల కింద ఆ పట్టికలో ఏమేముండాలో ఇవాళ ఎవరూ ఊహించుకోవలసిన పని లేదు: యంత్రం ముఖానికి ముందు ప్రతి కొన్ని మీటర్లకూ వేసే పరీక్ష రంధ్రాలు, ఊట నీటి పరిమాణాన్ని ప్రతి షిఫ్టులోనూ నమోదు చేయడం, రాతి కదలికను పట్టే పరికరాలు, నిర్ణీత దూరాలలో గాలి, నీరు, ఆహారం ఉన్న ఆశ్రయ గదులు, మనుషులను బయటికి తెచ్చే రైలు మార్గాన్ని అన్నివేళలా ఖాళీగా ఉంచడం, ఊట పెరిగినా రాయి కదిలినా పై అధికారి అనుమతి కోసం ఆగకుండా పని నిలిపివేసే అధికారం షిఫ్టు ఇంజనీరుకు ఇవ్వడం, అలా నిలిపిన గంటలకు కూలీలకు పూర్తి వేతనం చెల్లించడం. వీటిలో ప్రతిదానికీ టెండరు పత్రంలో ఒక వరుస, ఒక స్థిర ధర ఉండవచ్చు. ధర బిడ్డు తెరిచేనాటికి ఆ వరుసలు అందరికీ ఒకటే అయి ఉంటాయి, వాటిని పోల్చవలసిన అవసరం మదింపు కమిటీకి ఉండదు.